పప్పు గరిటె – ఇంటర్నెట్ లైను



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని హాస్టల్ నుంచి కబురొచ్చినప్పుడు, కష్టపడి చదివి పైకి రావాలని నాలుగు మంచి మాటలు రాద్దామనుకున్నాను. అలాంటివి ప్రతి సంచికలోనూ ఉంటాయి. వాటికన్నా నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తే మీకు ఎక్కువ పనికొస్తుందనిపించింది.

చేవెళ్ల హాస్టల్‌లో నేను ఆరు నుంచి పది దాకా ఉన్నాను. రాత్రి గంట కొట్టగానే పళ్లాలు పట్టుకుని లైన్లో నిలబడేవాళ్లం. ముందున్నవాళ్లలో ఎవడో ఒకడు గరిటెను గంజు అడుగుదాకా దింపి గట్టి పప్పంతా తోడుకునేవాడు. చిన్నవాణ్ణి కాబట్టి నేనెప్పుడూ చివర్లో ఉండేవాణ్ణి. నా పళ్లెంలో పడేది పసుపు నీళ్లే. "అందరిదని తెల్వదా వీనికి?" అని ఏడ్చిన రోజులున్నాయి.

ఎంసెట్ రాసి మొయినాబాద్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చేరాను. చేవెళ్ల నుంచి మెహదీపట్నం పోయే బస్సెక్కి, బీజాపూర్ రోడ్డు మీద మర్రిచెట్ల నీడలో రోజూ పోయివచ్చేవాణ్ణి. ఇంగ్లీషు రాదు, మంచి బట్టలు లేవు. మొదటి ఏడాది నా పేరు కూడా ఎవరికీ తెలియదు.

నాకు పేరు తెచ్చింది కంప్యూటర్ ల్యాబే. కేబుళ్లు సర్దడంలో, యాంటీవైరస్ వేయడంలో సారుకు సాయం చేసేవాణ్ణి. ఆయన నన్ను నమ్మారు. అందరికీ మూసేసిన సైట్లు నా సిస్టంలో తెరుచుకునేవి. తలుపు మీద 'చదువు పనులకు మాత్రమే' అని కాగితం అంటించి ఉండేది. నేను మాత్రం సినిమాలు, పాటలు, గేములు దించేవాణ్ణి. నిన్నటిదాకా పలకరించనివాళ్లు చీటీ మీద సినిమా పేర్లు రాసిచ్చి, "అన్నా, సీడీ కొట్టియ్యవా" అని వెంట తిరిగేవాళ్లు. క్యాంటీన్లో చాయ్ తాగించేవాళ్లు. ఆ గౌరవం నాకు మత్తులా ఎక్కింది.

ఇక్కడ కొంచెం లెక్క చెప్తాను. మా కాలేజీకి అప్పుడున్నది 2 ఎంబీపీఎస్ లైను, ల్యాబులో 60 సిస్టంలు. అందరూ ఒకేసారి వాడితే ఒక్కొక్కరికి వచ్చేది సుమారు 34 కేబీపీఎస్, అంటే పాత టెలిఫోన్ మోడెం 56 కేబీపీఎస్ కన్నా తక్కువ. ఒక సీడీ సినిమా 700 ఎంబీ. ఆ లైనంతా ఒక్కడే వాడుకున్నా అది దిగడానికి ముప్పావు గంటపైనే పడుతుంది. పైగా డౌన్‌లోడ్ మేనేజర్ ఒక్క ఫైలును ఎనిమిది ముక్కలు చేసి, ఎనిమిది దారుల్లో ఒకేసారి లాగుతుంది. పక్క సిస్టంలో పేజీ తెరవబోయేవాడిది ఒక చెయ్యి, నాది ఎనిమిది చేతులు. ఇంక వాడికేం మిగులుతుంది?

ఇది మా ఒక్క కాలేజీ సంగతి కాదు. 1999లో నాప్‌స్టర్ వచ్చినప్పుడు పాటల డౌన్‌లోడ్లతో అమెరికా యూనివర్సిటీల లైన్లే నిండిపోయాయి. 2000లో చాలాచోట్ల దాన్ని ఆపేశారు. 2007లో ఐఐటీ బొంబాయి హాస్టల్ గదుల్లో రాత్రిపూట ఇంటర్నెట్ కట్ చేసింది. అప్పట్లో ఆ వార్త విని నవ్వుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను.

2009లో, స్కాలర్‌షిప్పుల రోజులు. ఈ-పాస్‌లో దరఖాస్తు నింపి, ప్రింటు తీసి, కులం, ఆదాయం సర్టిఫికెట్లు జతచేసి కాలేజీలో ఇవ్వాలి. గడువు ఇంకొక్కరోజే ఉంది. మన హాస్టల్‌లోనే చదివి మా కాలేజీలో చేరిన ఒక తమ్ముడు మధ్యాహ్నం రెండింటికి ల్యాబుకొచ్చాడు. పేజీ సగం వచ్చి ఆగిపోతోంది. మళ్లీ మొదటి నుంచి నింపుతున్నాడు. నాలుగున్నర దాకా అట్లనే కూర్చున్నాడు. చివరికి నా దగ్గరికొచ్చి అడిగాడు.

"అన్నా, నీ దాంట్ల వస్తదా?"

నా స్క్రీన్ మీద సినిమా దిగుతోంది. 83 శాతం అయింది. నేను కిటికీని కిందికి దించేసి, "సర్వర్ బిజీ ఉన్నది తమ్మీ, రేపు చూడు" అన్నాను.

వాడు నమ్మాడు. మన హాస్టల్ అన్న కదా!

ఆ సాయంత్రం వాడు చేవెళ్ల బస్టాండు దగ్గర నెట్ సెంటర్లో లైన్లో నిలబడ్డాడు. మధ్యలో కరెంటు పోయింది. రాత్రి తొమ్మిదిన్నరకు దరఖాస్తు పోయింది. జేబులో ఉన్న వారం బస్సు ఖర్చు నెట్ సెంటర్‌కే ఇచ్చేశాడు. తెల్లారి నవ్వుకుంటూ వచ్చి, "అయిందన్నా" అన్నాడు. ఆ వారంలో రెండు రోజులు వాడు కాలేజీకి రాలేదు. ఎందుకు రాలేదో నాకొక్కడికే తెలుసు.

దరఖాస్తు పోకపోయి ఉంటే వాడి ఫీజు ఎవరు కట్టేవాళ్లు? వాళ్లమ్మ టమాట చేన్లలో కూలికి పోయేది. ఈ ఆలోచన వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంకో సంగతి ఇంకా బాధపెట్టింది. డౌన్‌లోడ్ మేనేజర్లో పాజ్ బటన్ ఉంటుంది. నొక్కితే ఆ 83 శాతం ఎక్కడికీ పోదు, తర్వాత అక్కడి నుంచే మొదలవుతుంది. నేను పోగొట్టుకునేది ఏమీ లేదు. అయినా నొక్కలేదు. గంజు అడుగు దాకా గరిటె దింపినవాణ్ణి చూసి ఏడ్చిన నేనే ఆ రోజు గరిటె పట్టుకున్నాను.

డౌన్‌లోడ్ చేయడమే తప్పని నేననను. ఆ తర్వాత అదే ల్యాబులో, అందరూ వెళ్లిపోయాక, సారును అడిగి ఎన్‌పీటెల్ పాఠాలు దించుకుని చదివాను. నా ఉద్యోగానికి అవే పనికొచ్చాయి. ఎవరికి అవసరం, ఎప్పుడు అవసరం అన్నదే అసలు ప్రశ్న.

2016లో జియో వచ్చాక డేటా చౌకైంది, ఈ కథ పాతదైపోయిందని మీరనుకోవచ్చు. కానీ 2020 లాక్‌డౌన్‌లో ఇంట్లో ఉన్న ఒక్క ఫోను మీద అన్నదమ్ములు వంతులేసుకుని క్లాసులు విన్న ఇళ్లు మనవే. ఒక్క హాట్‌స్పాట్ మీద నలుగురు బతికే గదులు ఇప్పటికీ ఉన్నాయి. అందులో ఒకరు పరీక్ష ఫీజు కడుతుంటే మీ వీడియో కాసేపు ఆపండి. అంతే నేనడిగేది.

ఆ తమ్ముడు ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఈ సంచిక తప్పక చదువుతాడు. ఇన్నేళ్లలో ఎన్నోసార్లు కలిశాం గానీ ఈ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు.

తమ్మీ, ఆ రోజు సర్వర్ బిజీగా లేదు. లైను నేను పట్టుకున్నాను. నన్ను క్షమించు.

హాస్టల్ తమ్ముళ్లందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

– ఒక పూర్వ విద్యార్థి, చేవెళ్ల