అమ్మ కిడ్నీ అయినా సరే

“అమ్మ కిడ్నీయే కదా సార్, ఈపాటికి నా ఒంట్లో కలిసిపోయే ఉంటుంది. ఇంకా ఈ బిళ్లలెందుకు?” మార్పిడి జరిగి కొన్నేళ్లయిన కుర్రాడి ప్రశ్న. ఇలా అడిగేవాళ్లతో ఇబ్బంది లేదు, అడక్కుండా మానేసేవాళ్లతోనే భయం. అలా మానేసిన ఒకాయన, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ నాలుగు దాటాక వచ్చాడు. స్టెరాయిడ్ ఇంజెక్షన్లతో కొంత దిగింది గానీ పాత అంకెకు మళ్లీ రాలేదు.

1954లో బోస్టన్‌లో జోసెఫ్ మరే బృందం చేసిన కిడ్నీ మార్పిడికి, ఇమ్యూనిటీని అణచే ఈ మందుల అవసరం పడలేదు. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ అచ్చుగుద్దినట్టుండే కవలలు. అమ్మ సంగతి వేరు. ఆమె జన్యువుల్లో సగమే బిడ్డకు వస్తాయి. రాని సగాన్ని బిడ్డ ఒంటికి కాపలా కాసే టి కణాలు పరాయిదిగానే చూస్తాయి.

అయితే ఆ కణాల్లోనే తగవు సద్దుమణిగించే పెద్దమనుషులూ ఉన్నారు. వాటిని రెగ్యులేటరీ టి కణాలంటాం. 1995లో వీటి ఆనవాలు పట్టిన జపాన్ శాస్త్రవేత్త షిమోన్ సకగుచికి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లతో కలిపి 2025లో నోబెల్ ఇచ్చారు. చిక్కేమిటంటే, ఇవి బతకడానికి ఇంటర్‌ల్యూకిన్-2 కావాలి, అది ఇవి సొంతంగా చేసుకోలేవు. దాడికి దిగే టి కణాలు వదిలినదే వీటికి ఆధారం. మేం పూటపూటా మింగమనే టాక్రోలిమస్ ఆ తయారీనే అణచేస్తుంది. దాడి ఆగుతుంది, సర్దిచెప్పే కణాలూ చిక్కిపోతాయి. కిడ్నీని కాపాడే మందే, అది ఒంటికి అలవాటు పడే దారికి కొంత అడ్డమన్నమాట.

సిరోలిమస్ అనే మరో మందు ఈ సర్దిచెప్పే కణాలను అంతగా దెబ్బతీయదు. మరి అందరికీ అదే ఇవ్వొచ్చుగా? చర్మ క్యాన్సర్ వచ్చిన ఒకావిడకు ఆ మందుకు మార్చాం. కొత్త పుండ్లు తగ్గాయి గానీ నోరంతా పూసి అన్నం మింగలేకపోయింది, కాళ్లు వాచాయి, మూత్రంలో ప్రొటీన్ పోవడం మొదలైంది. చివరికి తక్కువ మోతాదు టాక్రోలిమస్‌కే తిరిగి వచ్చాం. ప్రయోగశాలలో మెరిసిన మందు ఓపీలో ఇలా తేలిపోవడం మాకు కొత్తేం కాదు.

రోగి రెగ్యులేటరీ కణాలనే బయట పెంచి తిరిగి ఎక్కించే ప్రయత్నాలు జరుగుతున్నాయి. ఐరోపా, అమెరికా ఆసుపత్రులు కలిసి చేసిన ‘వన్ స్టడీ’లో ఇలాంటి కణచికిత్సలతో కొందరు టాక్రోలిమస్ ఒక్కదానితోనే నెట్టుకురాగలిగారు. 2020లో వచ్చిన ఫలితాలివి. ఆ ఒక్క బిళ్ల మాత్రం మానలేదని గమనించాలి.

కోవిడ్ తర్వాత ‘ఇమ్యూనిటీ పెంచే’ కషాయాలు ఇంటింటా చేరాయి. తిప్పతీగ తాగుతున్నామని గర్వంగా చెప్పే మార్పిడి రోగులను చూస్తే నా గుండె జారుతుంది. మనం అణచిపెడుతున్నదే ఆ ఇమ్యూనిటీని! కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు మీ ఇంట్లో ఉంటే టాక్రోలిమస్ వేళ తప్పనివ్వకండి. రక్తపరీక్ష ఉన్న రోజు రక్తం ఇచ్చాకే పొద్దుటి బిళ్ల వేయండి. కషాయమైనా, ఫంగస్ మందైనా, టీబీ మందైనా మీ నెఫ్రాలజిస్టును అడిగాకే మొదలుపెట్టండి.