పాఠాంతరాలు, జార్ ఫైళ్ళు

తాళపత్ర ప్రతులని పోల్చి సరైన పాఠం నిర్ణయించడాన్ని మనవాళ్ళు పరిష్కరణ అన్నారు. మైపాడు దగ్గర ఇంట్లో కూచుని, జీతాల లెక్కలు చేసే ఓ పాత ప్రాజెక్టుని జావా 8 నుంచి 17కి తెస్తున్న ఈ నెలంతా ఆ మాటే గుర్తొస్తోంది.

మన ప్రాజెక్టుకి రెండు లైబ్రరీలు కావాలి. ఆ రెండింటికీ మూడోది కావాలి, ఒకదానికి పాత వెర్షన్, ఇంకోదానికి కొత్తది. మేవెన్ ఒక్కదాన్నే ఉంచుతుంది. కొత్తదాన్ని కాదు, డిపెండెన్సీల చెట్టులో మనకి దగ్గరగా ఉన్నదాన్ని. దూరం సమానమైతే ముందు రాసినదాన్ని. గ్రేడిల్ అయితే మామూలుగా కొత్తదాన్నే తీసుకుంటుంది. దగ్గరైనంత మాత్రాన సరైనదవుతుందా? బిల్డ్ హాయిగా పాసవుతుంది. ఒకటో తారీకున ‘నో సచ్ మెథడ్ ఎర్రర్’ అని కూలితే జీతాలాగుతాయి.

స్ప్రింగ్ బూట్ 3 (2022)తో ఇంకో చిక్కు. 2020లో జకార్తా ఈఈ 9 ‘జావాఎక్స్’ ప్యాకేజీల పేరుని ‘జకార్తా’గా మార్చింది. పాత పేరుతో కంపైలైన లైబ్రరీకి, అదే పని చేసే కొత్త క్లాసు కూడా పరాయిదే. అలాంటి లైబ్రరీకి జకార్తా పేర్లతో వచ్చిన వెర్షన్ వెతుక్కోవాలి, లేకపోతే దాన్నే వదులుకోవాలి.

బ్రౌన్ దొర ఒక్కో కావ్యానికి అనేక ప్రతులు సేకరించి, పండితులచేత సరిచూయించాడు. మంచి పరిష్కర్త తను వదిలేసిన పాఠాన్ని కూడా పుట అడుగున చూపిస్తాడు. మేవెన్ అడిగితే తప్ప చెప్పదు. అందుకే డిపెండెన్సీ ట్రీని వెర్బోస్‌గా తీసి, అది వదిలేసినవన్నీ చదివాను. ఏ వెర్షన్ కావాలో పామ్ ఫైల్లో నేనే రాసి, ఎందుకో పక్కన కామెంటు పెట్టాను.

మా నెల్లూరి తిక్కనని ఇవాళ నిశ్చింతగా చదువుకుంటున్నామంటే, పేర్లు కూడా మిగలని లేఖకులు ఎందరో చేసిన ఇలాంటి చాకిరీ వల్లే.