ఊదించి చూశాకే జబ్బు పేరు

ఊపిరితిత్తుల డాక్టరు గది బయట వరుసలో కూర్చునే వాళ్ళ ఒళ్ళో సాధారణంగా ఒక పెద్ద ప్లాస్టిక్ కవరు ఉంటుంది. నా బల్ల మీద దాన్ని బోర్లిస్తే అంచులు వంకర్లు తిరిగిన ఎక్స్‌రేలు, ఒకటో రెండో సి.టి. స్కాన్లు, గుత్తులుగా రక్తపరీక్షల కాగితాలు, ముగ్గురు నలుగురు డాక్టర్ల చీటీలు బయటపడతాయి. ఊపిరి ఎంత జోరుగా బయటికి వస్తోందో కొలిచిన కాగితం మాత్రం చాలా కవర్లలో కనిపించదు. ఏళ్ళ తరబడి ఆయాసానికి మందులు మింగుతున్న మనిషిని ఒక్కసారి కూడా ఎవరూ ఊదించి చూడలేదన్న మాట.

ఛాతీ వైద్యం విశాఖపట్నంలో చదువుకుని, గోదావరి డెల్టాలో ప్రాక్టీసు చేస్తున్నదాన్ని. మా దగ్గరికి వచ్చే ఫిర్యాదు ఒకటే: ఆయాసం. దాని వెనక ఉబ్బసం ఉండొచ్చు, పొగవల్ల గాలిగొట్టాలు శాశ్వతంగా బిగుసుకుపోయిన సి.ఓ.పి.డి. ఉండొచ్చు, ఎప్పుడో తగ్గిన క్షయ మిగిల్చిన మచ్చలు ఉండొచ్చు. గుండె జబ్బు ఉండొచ్చు. ఒంట్లో రక్తం తక్కువైనా ఆయాసమే. ఇన్నిటిలో ఏదో తేల్చడమే మా ఉద్యోగంలో సగం పని. మిగతా సగం, తేలిన సంగతి మనిషిని ఒప్పించడం.

తేల్చడం ప్రశ్నలతో మొదలవుతుంది. ఎప్పుడొస్తుంది? రాత్రి పడుకున్న గంటకో రెండు గంటలకో ఊపిరాడక లేచి కూర్చుంటున్నారా, తెల్లవారుజామున దగ్గుతో, పిల్లికూతలతో మెలకువ వస్తోందా? మొదటిదైతే నా చూపు గుండె వైపు, రెండోదైతే ఉబ్బసం వైపు పోతుంది. ఎన్ని దిళ్ళు వేసుకుంటారు? ఏడాది పొడుగునా ఒకేలా ఉంటుందా, వచ్చిపోతుంటుందా? చిన్నప్పుడు ఉండేదా? ఏం పని చేస్తారు? జిన్నింగు మిల్లులో పత్తి దుమ్మా, క్వారీలో రాతి దుమ్మా, పొగాకు గ్రేడింగా? ఊరు మారితే తగ్గుతుందా? ఈ ప్రశ్నలకు యంత్రాలేమీ అక్కర్లేదు, కాస్త ఓపిక కావాలి. ఓ.పి.లో అన్నిటికన్నా కరువైనది కూడా అదే.

అడగడంలో కూడా ఊరిని బట్టి తేడా ఉంటుంది. ఉత్తరాంధ్ర తీరంలో పెద్దవయసు ఆడవాళ్ళను "చుట్ట తాగుతావా అమ్మా?" అని అడిగితే "నేను తాగను" అనే సమాధానం వస్తుంది. "అడ్డపొగ వేస్తావా?" అని అడిగితేనే "అదా, ఏస్తానమ్మా" అంటారు. నిప్పు అంటించిన కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటు అది. విశాఖలో చదివే రోజుల్లో పాఠ్యపుస్తకం కన్నా ముందు నాకిది ఆ అమ్మల దగ్గరే తెలిసింది. గోదావరి వైపు వచ్చాక ప్రశ్న మారింది. "అయ్ బాబోయ్, పొగా? మా ఇంటా వంటా లేదండీ" అనే ఆవిడను పొయ్యి గురించి అడగాలి.

అలా అడిగితేనే ఒక మామ్మగారి సంగతి బయటపడింది. వయసులో ఉన్నప్పటి నుంచీ ఇడ్లీల కొట్టు నడిపిన మనిషి. కట్టెలపొయ్యి, ఊకపొయ్యి, తాటాకు పాక, పైకి పోయే దారిలేని పొగ. ఆమె చీటీలన్నిటి మీదా ఉబ్బసం అనే రాసి ఉంది. గ్యాసు వచ్చినా ఆయాసం పోలేదు, ఏటికేడూ పెరుగుతూనే ఉంది. ఊదే పరీక్షకు పంపాను.

ఆ పరీక్ష చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది గానీ, చేయించడం కష్టం. కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టి, ముక్కుకు క్లిప్పు పెట్టి, అట్టగొట్టాన్ని పెదాలతో బిగించి పట్టుకోమంటాం. మా టెక్నీషియన్ అమ్మాయి గొంతు వరండా చివరి దాకా వినిపిస్తుంది: "పీల్చండి మామ్మగారూ, ఇంకా ఇంకా... ఊఁ, ఊదేయండి! ఊదండి ఊదండి ఊదండి, ఆపొద్దు, ఇంకొంచెం!" మామ్మగారు మొదటిసారి నవ్వేశారు. రెండోసారి బుగ్గలు పూరించి, పెదాల పక్కనుంచి గాలి వదిలేశారు. మూడోసారి సగంలో దగ్గొచ్చింది. పట్టు చిక్కాక నాలుగో, అయిదో, ఆరోసారి సరిగ్గా ఊదారు. సరైన ఊదుళ్ళు కనీసం మూడు రావాలి, వాటిలో మేలైన రెండింటికీ తేడా 150 మిల్లీలీటర్లు దాటకూడదు. అప్పుడే అంకెను నమ్ముతాం. మొదటి సెకనులో ఎంత గాలి బయటికొచ్చింది, మొత్తం ఎంతొచ్చింది అన్నవే మాకు కావలసిన లెక్కలు. ఆ తరవాత స్పేసర్ పెట్టి సాల్బుటమాల్ నాలుగు పఫ్‌లు, అంటే 400 మైక్రోగ్రాములు పీల్పించి, 15 నిమిషాలు కూర్చోబెట్టి, మళ్ళీ ఊదిస్తాం.

మందు పీల్చాక మొదటి సెకను గాలి 12 శాతం, అదీ 200 మిల్లీలీటర్ల పైన పెరిగితే మూసుకున్న గొట్టాలు తెరుచుకుంటున్నాయని అర్థం. అది ఉబ్బసం వైపు మొగ్గు. మందు పీల్చాక కూడా మొదటి సెకను గాలి మొత్తం గాలిలో 70 శాతానికి తక్కువే ఉండిపోతే, ఏళ్ళ తరబడి పొగ పీల్చిన చరిత్ర కూడా ఉంటే, సి.ఓ.పి.డి. మామ్మగారి అంకె మందుకు ముందూ తరవాతా దాదాపు ఒక్కటే. జీవితంలో ఒక్క బీడీ ముట్టని మనిషికి పొయ్యి తెచ్చిన సి.ఓ.పి.డి. అది.

"పేరేదైతేనేమండీ, ఇన్హేలర్ ఇన్హేలరేగా" అని వాళ్ళబ్బాయి అడిగాడు. కాదు. ఉబ్బసానికి ప్రాణం పీల్చే స్టెరాయిడ్. అది లేకుండా గొట్టాలు తెరిచే మందు ఒక్కటే వాడుతూ పోతే ఏదో ఒక రాత్రి ప్రాణం మీదికొస్తుంది. సి.ఓ.పి.డి.లో గొట్టాలు తెరిచే మందులే ముఖ్యం. అవసరం లేనివాళ్ళకు స్టెరాయిడ్ పీల్పిస్తూ పోతే న్యుమోనియా ముప్పు పెరుగుతుంది. పేరు తప్పితే మందు తప్పుతుంది.

1846లో లండన్‌లో జాన్ హచిన్సన్ అనే వైద్యుడు ఈ ఊదే పరీక్ష చేసే తన యంత్రం, స్పైరోమీటర్ గురించి ప్రకటించాడు. ఎక్స్‌రే పుట్టింది 1895లో. అర్ధశతాబ్దం ముందు పుట్టిన పరీక్ష ఇప్పటికీ మన ఊళ్ళలో వెనకబడే ఉంది. ఎక్స్‌రేకు మనిషి కదలకుండా నిలబడితే చాలు. ఊదించడానికి ఒకరు పక్కన నిలబడి అరవాలి, అరగంట పడుతుంది. ఉబ్బసం మామూలుగా ఎక్స్‌రేలో కనిపించదన్న సంగతి తెలియక, "ఎక్స్‌రే క్లియర్‌గా ఉంది, ఏమీ లేదన్నారు" అని నిశ్చింతగా వెళ్ళిపోయేవాళ్ళు బోలెడుమంది.

మా డెల్టాలో ఉబ్బసంలా కనిపించే ఇంకో మారువేషపు జబ్బు ఉంది. ఒక పాతికేళ్ళ కుర్రాడు వచ్చాడు. రాత్రి రెండింటి నుంచి తెల్లారేదాకా దగ్గు, పిల్లికూతలు, సాయంత్రాలు సన్నటి జ్వరం. ఎక్స్‌రేలో రెండువైపులా చిన్న చిన్న చుక్కలు చూసి ఒకచోట క్షయ అన్నారు, ఇంకోచోట ఉబ్బసం అన్నారు. గళ్ళలో క్షయ క్రిములు లేవు. రక్తంలో ఇస్నోఫిల్ అనే తెల్లకణాల సంఖ్య మామూలుగా 500 లోపు ఉండాలి. ఇతనికి 3000 దాటి చాలా పైకి పోయింది. ఇది బోదకాలు పురుగుల మీద ఒళ్ళు చేసే తిరుగుబాటు. కాలు వాయదు, రక్తంలో పురుగు పిల్లలూ కనిపించవు, దెబ్బంతా ఊపిరితిత్తుల మీదే.

ఈ జబ్బును తొలిగా విడదీసి చూసిన చోట్లలో ఒకటి మన మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం క్షయ శానిటోరియం. క్షయ అని పంపిన రోగుల్లో కొందరికి అసలది క్షయ కాదని, రక్తంలో ఇస్నోఫిల్స్ విపరీతంగా ఉన్నాయని ఫ్రిమోట్-మొల్లర్, బార్టన్ అనే డాక్టర్లు 1940లో రాశారు. 1943లో వైన్‌గార్టెన్ దానికి ట్రాపికల్ ఇస్నోఫీలియా అని పేరు పెట్టాడు. అప్పట్లో పాషాణం (ఆర్సెనిక్) కలిసిన మందులతో వైద్యం చేసేవారు. ఇప్పుడు వాడే మందు డై ఇథైల్ కార్బమజైన్, హెట్రజాన్ పేరుతో 1940ల చివర్లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి వచ్చింది. ఆ పరిశోధనలకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ కుర్రాడికి మూడు వారాలు ఈ మాత్రలు ఇస్తే, మొదటి వారం తిరక్కముందే రాత్రి నిద్ర పట్టింది. బోదకాలు మాత్రలు ఇంటింటికీ పంచడం మొదలయ్యాక ఈ జబ్బు బాగా తగ్గింది. తగ్గింది కాబట్టే కొత్తగా వచ్చే డాక్టర్లకు ఇది వెంటనే తట్టదు.

తట్టినా ఒక్కోసారి దొరకదు. కారణం డెక్సా ఇంజెక్షను. ఊళ్ళో ఆర్.ఎం.పి. దగ్గర ఆయాసమంటే పడేది అదే. అది స్టెరాయిడ్. ఉబ్బసాన్నీ, ఇస్నోఫీలియానీ, ఇంకా కొన్ని ఊపిరితిత్తుల వాపుల్నీ రెండు మూడు రోజులు అణచిపెడుతుంది. ఇస్నోఫిల్ కణాలు గంటల్లోనే పడిపోతాయి, రక్తపరీక్ష మామూలుగా వస్తుంది. అందుకే పరీక్షకు ముందు "నిన్నా మొన్నా సూది వేయించుకున్నారా?" అని అడగడం నాకు తప్పనిసరి.

హైదరాబాదు నుంచి పండక్కి వచ్చిన ఒక రిటైర్డు మాస్టారు ఇంకో తరహా. పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం, చాలాకాలంగా ఉబ్బసం మందులు. వీపు కింద భాగాన స్టెతస్కోపు పెడితే, చెవి దగ్గర వెంట్రుకలు వేళ్ళతో నలిపినట్టు సన్నటి చిటపటలు. ఊదిస్తే గొట్టాలు మూసుకున్న జాడ లేదు, ఊపిరితిత్తి పట్టే గాలే తగ్గిపోయింది. "ఊరొచ్చాక ఎలా ఉందండీ?" అంటే, "ఇక్కడికొస్తే వారంలో తేలికపడుతుందమ్మా, నీళ్ళు మారినందుకేమో" అన్నారు. నీళ్ళు కాదు. వాళ్ళ ఫ్లాటు బాల్కనీ నిండా పావురాలు, హాల్లో మార్చని తడి గడ్డితో కూలరు. రెట్టల ధూళి, గడ్డిలో పెరిగే బూజు పడక ఊపిరితిత్తులు వాచాయి. సి.టి. స్కాను అదే చెప్పింది. మన దేశంలో ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బుల మీద 2017లో వెలువడిన పెద్ద అధ్యయనంలో దాదాపు సగం మందికి ఇలాంటి పడని ధూళి జబ్బే తేలింది, వాళ్ళలో చాలామంది కూలర్లు వాడేవాళ్ళే. మాస్టారికి మందు కన్నా ముందు రాసింది బాల్కనీకి వల, కూలరుకు సెలవు.

పేరు తేలాక అసలు పని మొదలవుతుంది. "ఆస్తమా అని రాయకండి మేడమ్, పెళ్ళి కావాల్సిన పిల్ల" అనే తల్లులు వారానికొకరైనా వస్తారు. ఎలర్జీ దగ్గు అని రాసిచ్చే డాక్టరు కోసం తిరుగుతారు. ఆ పిల్ల ఇన్హేలరు లేకుండా పెరుగుతుంది. "పంపు అలవాటైపోతుందటగా, మాత్రలివ్వండి" అనేది ఇంకో మాట. ఒక సాల్బుటమాల్ మాత్రలో ఉండేది 4 మిల్లీగ్రాములు, ఒక పఫ్‌లో ఉండేది 100 మైక్రోగ్రాములు. ఒక్క మాత్ర నలభై పఫ్‌ల పెట్టు. చేతులు వణికేది, గుండె దడదడలాడేది అందుకే. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే చాలామంది ఇన్హేలరుకు ఒప్పుకుంటారు.

మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేపమందు వేయించుకుని వచ్చి, తగ్గిందనేవాళ్ళతో నేను వాదించను. ఉబ్బసం వచ్చిపోయే జబ్బు, దిగే సమయంలో ఏది తీసుకున్నా పేరు దానికే వస్తుంది. ఇన్హేలరు మానొద్దని మాత్రం గట్టిగా చెబుతాను. ఈ వచ్చిపోయే గుణం పరీక్షనూ ఏమారుస్తుంది. బాగున్న రోజున ఊదిస్తే అంకెలు మామూలుగా రావొచ్చు. అలాంటప్పుడు పీక్ ఫ్లో మీటరు ఇంటికిచ్చి, రెండు వారాలు పొద్దునా సాయంత్రం ఊది అంకె రాసుకురమ్మంటాం. ఆ అంకెల ఎగుడుదిగుళ్ళే ఉబ్బసాన్ని పట్టిస్తాయి.

అంచేత చదివేవాళ్ళకు చెప్పేది ఇది. రెండు వారాలు దాటిన దగ్గయితే ముందు గళ్ళ పరీక్ష చేయించుకోండి, క్షయ కాదని తేలాలి. తరవాత, ఎవరైనా మీకు ఏళ్ళ తరబడి వాడే మందు రాస్తుంటే "ఊదే పరీక్ష చేద్దామా అండీ?" అని అడగండి. ఈమధ్యే గుండెపోటు వచ్చినా, కంటి ఆపరేషను అయినా ఆ సంగతి ముందే చెప్పండి, కొన్నాళ్ళు ఆగి చేస్తారు. పరీక్షకు ముందు ఏ ఇన్హేలరు ఎన్ని గంటలు ఆపాలో కనుక్కోండి. ప్రభుత్వ బోధనాసుపత్రుల ఛాతీ విభాగాల్లో ఈ పరీక్ష చేస్తారు. అడిగితే డాక్టరుకు కోపమొస్తుందని సంకోచించకండి. వచ్చినా సరే, అడగండి.