కిటికీ మూస్తే పోయే చరిత్ర

ఈ వ్యాసం చదవడానికి ముందు ఒక చిన్న ప్రశ్న. మీ ఇంట్లో అన్నింటికన్నా పాత ఫొటో ఏది? అది ఇప్పుడు ఎలా ఉంది? అంచులు చిరిగాయా, మరకలు పడ్డాయా? దాన్ని కంప్యూటరులో బాగుచేయించాలని మీకెప్పుడైనా అనిపించి ఉంటే, నేను ఇక్కడ చెప్పబోయే విషయాలు మీకు పనికివస్తాయి. ఇవి పుస్తకంలో చదివి చెబుతున్నవి కావు. పని చేస్తూ తెలుసుకున్నవి.

1. ఎక్కడి పని, ఎలాంటి పని

మాది పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్. ఇది రైల్వే పట్నం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ ఇక్కడ వర్క్‌షాపు పెట్టిన నాటి నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగు కుటుంబాలు పని వెతుక్కుంటూ వచ్చి స్థిరపడ్డాయి. బజారులో బెంగాలీ, హిందీ మాట్లాడి, ఇంట్లో తెలుగు మాట్లాడే మనుషులం మేము.

పట్నం వెలుపల విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ ఉంది. ఆ పేరు వినగానే ఈ ప్రాంతంలోని బీర్‌సింఘ గ్రామంలో 1820లో పుట్టిన ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు గుర్తుకు వస్తాడు. ఆ పార్కులోని ఒక కర్మాగారంలో గేటు పాసులు తయారుచేసే గదిలో నా ఉద్యోగం. కొత్తగా చేరిన కూలీల ఫొటోలు తీయడం, వాటిని కావలసిన కొలతకు కత్తిరించడం, వెలుతురు సరిచేయడం, పాసు మీద అచ్చు వేయడం నా పనులు. సాయంత్రం ఇంటికి వచ్చాక, తెలిసినవాళ్లు తెచ్చే పాత ఫొటోలను బాగుచేస్తాను. పగటి పని నాకు కిటికీల సంగతి నేర్పింది. సాయంత్రపు పని చరిత్ర సంగతి నేర్పింది. ఈ రెండూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయని మీరే చూస్తారు.

2. తెరిచిన ప్రతి కిటికీకీ ఒక లెక్క

ఫొటోలు సరిదిద్దే ప్రోగ్రాముల్లో ఒక్కో బొమ్మ ఒక్కో విండోలో, అంటే ఒక్కో కిటికీలో తెరుచుకుంటుంది. దానికి తోడు పనిముట్ల పెట్టె, రంగుల పెట్టె, లేయర్ల పెట్టె కూడా తెర మీదికి వస్తాయి. ఉచితంగా దొరికే గింప్ అనే ప్రోగ్రాము 1996లో జనంలోకి వచ్చింది. చాలాకాలం దానిలో ఈ పెట్టెలన్నీ విడివిడి కిటికీలుగా తెరంతా పరుచుకునేవి. 2012లో వచ్చిన 2.8 వెర్షన్‌లో అన్నింటినీ ఒకే కిటికీలో ఇమిడ్చే పద్ధతి పెట్టారు. మీ దగ్గర పాత పద్ధతిలో కనిపిస్తుంటే ‘విండోస్’ మెనూలో ‘సింగిల్ విండో మోడ్’ ఎంచుకోండి. పెట్టెలు అడ్డు వస్తున్నప్పుడు ట్యాబ్ మీట నొక్కితే అవి దాక్కుంటాయి, మళ్లీ నొక్కితే తిరిగి వస్తాయి. ఫొటోషాప్‌లోనూ ట్యాబ్ మీట ఇదే పని చేస్తుంది.

పెట్టెల గజిబిజి కంటికే ఇబ్బంది. బొమ్మల గజిబిజి మనుషులకు ఇబ్బంది. మా గదికి ఒక్కోరోజు నలభై మంది వరసలో వస్తారు. నలభై ఫొటోలూ ఒకేసారి తెరిస్తే కంప్యూటరు నెమ్మదిస్తుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం మరొకటి ఉంది. ఒకరి ముఖం ఇంకొకరి పేరు మీదికి వెళ్లవచ్చు. అలాంటి పాసు పట్టుకుని వెళ్లిన మనిషిని గేటు దగ్గర ఆపేస్తారు. అతనికి ఆ రోజు కూలి పోతుంది. అందుకే ఒక బొమ్మ తెరిచి, పని ముగించి, దాచి, మూసి, ఆ తరువాతే రెండోది తెరుస్తాను. ఫైలుకు వరస సంఖ్య, పేరు ముందే పెట్టుకుంటాను. ఏ కిటికీ మూయాలన్నా ముందు దాని పైపట్టీ చదువుతాను. ఫైలు పేరు పక్కన చుక్కగుర్తు ఉంటే, దాచని మార్పులు ఉన్నాయని అర్థం.

ఇక్కడ ఒక తేడా బాగా గమనించండి. గింప్‌లో ‘వ్యూ’ మెనూ నుంచి ‘న్యూ వ్యూ’ తీసుకుంటే అదే బొమ్మ రెండో కిటికీలో కనిపిస్తుంది. కిటికీలు రెండైనా బొమ్మ ఒక్కటే. ఒకదానిలో మరక తుడిస్తే రెండోదానిలోనూ పోతుంది. ‘డూప్లికేట్’ తీసుకుంటే మాత్రం వేరే బొమ్మ పుడుతుంది. దాని మార్పులు దానివే, దాని చరిత్ర దానిదే. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి, మీ ముందున్నది రెండో చూపా, రెండో ప్రతా అన్నది పని మొదలుపెట్టే ముందే తేల్చుకోవాలి.

3. ప్రోగ్రాము గుర్తుపెట్టుకునేది ఎంతసేపు?

మీరు చేసే ప్రతి మార్పునూ ప్రోగ్రాము వరసగా రాసుకుంటుంది. దీన్నే ‘హిస్టరీ’ అంటారు. గింప్‌లో ‘అన్‌డూ హిస్టరీ’ అనే పెట్టె తెరిస్తే మెట్లమెట్లుగా కనిపిస్తుంది. ఏ మెట్టు మీద నొక్కితే ఆ మెట్టుకు వెనక్కి వెళతారు.

ఈ సౌకర్యం మొదటి నుంచీ లేదు. ఫొటోషాప్ 1990లో వచ్చింది. 1998లో అయిదో వెర్షన్ వచ్చేదాకా దానిలో వెనక్కి వెళ్లగలిగింది ఒక్క మెట్టే. ఆ వెర్షన్‌తో హిస్టరీ పెట్టె వచ్చింది. ఇప్పుడు మామూలుగా 50 మెట్లు గుర్తుపెట్టుకుంటుంది. కావాలంటే ఆ సంఖ్య పెంచుకోవచ్చు, కానీ పెంచినకొద్దీ జ్ఞాపకశక్తి ఖర్చవుతుంది. మెట్లు నిండగానే పాతవి ఒక్కొక్కటే రాలిపోతాయి.

ఈ చరిత్రకు మూడు హద్దులు ఉన్నాయి. ఇవి గుర్తుంచుకోండి.

మొదటిది: వెనక్కి వెళ్లి కొత్త మార్పు ఒక్కటి చేసినా, ముందున్న మెట్లు పోతాయి.

రెండవది: బొమ్మ మూసేస్తే చరిత్ర మొత్తం పోతుంది. మర్నాడు తెరిస్తే మెట్ల పెట్టె ఖాళీగా ఉంటుంది. గింప్ సొంత రూపమైన ఎక్స్‌సీఎఫ్‌లో దాచినా, ఫొటోషాప్ రూపమైన పీఎస్‌డీలో దాచినా లేయర్లు మిగులుతాయి గాని అన్‌డూ మెట్లు మిగలవు.

మూడవది: ఫొటోషాప్‌లో ‘హిస్టరీ లాగ్’ అనే ఏర్పాటు ఉంది. ఏమేం చేశారో అక్షరాలలో రాసిపెడుతుంది. అది చదువుకోవడానికే, వెనక్కి వెళ్లడానికి కాదు.

దీన్నిబట్టి ఏం తెలుస్తోంది? ప్రోగ్రాములోని చరిత్ర ఆ పూట చేతి పొరపాట్లను దిద్దుకోవడానికి ఉన్నది. ఫొటో చరిత్రను కాపాడే పని దానిది కాదు. అది మనదే.

4. బిళ్ల లేని ఫొటో

ఇది ఎందుకంత పెద్ద విషయమో చెబుతాను. మా వీధిలో ఒక మామ్మగారు ఉన్నారు. ఆవిడ భర్త రైల్వే వర్క్‌షాపులో పనిచేసి కాలంచేశారు. యూనిఫారంలో ఆయన దిగిన ఫొటో ఒక్కటే ఉండేది. ఛాతీ మీదుగా పెద్ద మడత. చాలా ఏళ్ల క్రితం ఇంట్లోవాళ్లు దాన్ని ఒకచోట స్కాన్ చేయించి బాగుచేయించారు. ఆ తరువాత అసలు కాగితం వానకు తడిసి పాడైపోయింది. మిగిలిన ఫైలును ఆవిడ మనవడు నా దగ్గరికి తెచ్చాడు, పెద్దది చేసి అచ్చు వేయమని. ఆవిడ కూడా వెంట వచ్చింది. తెర వంక చూసి అడిగింది:

“బాబూ, ఆయన బిళ్ల ఏదీ?”

ఛాతీ మీద టికెట్ నంబరు ఉన్న ఇత్తడి బిళ్ల ఉండేదట. మడతను తుడిచిన చెయ్యి బిళ్లను కూడా తుడిచేసింది. దాని చోట చొక్కా గుడ్డ నున్నగా అతుక్కుని ఉంది. పని చేసినవారు మంచి పనివారే, అతుకు ఎక్కడా కనిపించలేదు. కాని దిద్దిన బొమ్మను స్కాన్ చేసిన ఫైలు మీదే, అదే పేరుతో దాచారు. వెనక్కి వెళ్లడానికి ఒక్క మెట్టు కూడా లేదు.

“నంబరు నాకు తెలుసు గదా, రాసీ బాబూ” అని ఆవిడ నోటికి చెప్పేసింది. నేను బిళ్ల గీయగలను. దాని మీద ఆ అంకెలు కూడా వేయగలను. కాని అది నేను గీసిన బిళ్ల అవుతుంది గాని ఆయన పెట్టుకున్నది కాదు. రేపు ఆ మనవడి పిల్లలు చూస్తే ఏది ఫొటోయో ఏది నా చేతిపనో వాళ్లకు తెలియదు. ఆ మాటే చెప్పాను. ఆవిడ కాసేపు ఆలోచించి, “అయితే వెనక రాయి” అంది. అచ్చు వేసిన ఫొటో వెనక పెన్సిలుతో నంబరు, అది ఎవరు చెప్పారన్నది, తేదీ రాసి ఇచ్చాను.

మన పెద్దల కాలంలో ఈ చిక్కు ఇంతగా లేదు. అప్పుడు నెగటివు ఉండేది. నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ 1905లో మరణించాడు. ఆయన గాజు పలకల నెగటివులు మిగిలాయి కాబట్టి వాటిని 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం సేకరించగలిగింది. అచ్చు వేసిన కాగితం పాడైనా, దాని మీద ఎవరు ఎన్ని రంగులు పూసినా నెగటివు అలాగే ఉంటుంది. కంప్యూటరు పనిలో మనం ముట్టుకోకుండా దాచిన మొదటి స్కానే ఆ నెగటివు.

5. నేను పాటించే పద్ధతి

మీరూ దీన్ని అలవాటు చేసుకోవచ్చు. ఖర్చేమీ లేదు.

• స్కాన్ చేసిన మొదటి ఫైలును టిఫ్ రూపంలో ‘అసలు’ అనే వేరే ఫోల్డరులో పెట్టండి. దాని మీద ఎప్పుడూ పని చేయవద్దు. నకలు తీసుకుని నకలు మీద చేయండి.

• మరక తుడవడం, మడత పూడ్చడం కొత్త లేయరు మీద చేయండి. లేయరు కన్ను ఆర్పితే కింద అసలు బొమ్మ కనిపించాలి. బిళ్ల తుడుచుకుపోయిందా అన్నది అప్పుడు క్షణంలో తెలుస్తుంది.

• పూట ముగిశాక ‘సేవ్ యాజ్’తో 1, 2, 3 అని సంఖ్య వేసి దాచండి. అన్‌డూ మెట్లు పోయినా ఈ మెట్లు ఉంటాయి.

• జేపెగ్ ప్రతి ఇతరులకు ఇవ్వడానికే. దాన్ని తెరిచి, మార్చి, మళ్లీ దాచిన ప్రతిసారీ కొంత వివరం పోతుంది. గింప్‌లో జేపెగ్ తెరిచినప్పుడు ‘ఫైల్’ మెనూలో ‘ఓవర్‌రైట్’ అనే మాట కనిపిస్తుంది. దానికి అర్థం పాతదాని మీద రాయడం. దాని జోలికి పోకుండా ‘ఎక్స్‌పోర్ట్ యాజ్’ వాడి కొత్త పేరు పెట్టండి. ఫోనులో దిద్దేటప్పుడు నకలుగా దాచే వీలుంటే అదే ఎంచుకోండి.

• ఏం మార్చారో ఒక చిన్న ఫైలులోనో నోటుబుక్కులోనో రాయండి. “ఎడమ చెవి పక్క మరక తుడిచాను, ఛాతీ మీద మడత పూడ్చాను” అంటే చాలు.

2025లో వచ్చిన గింప్ 3.0లో చాలా ఫిల్టర్లను వేశాక కూడా మార్చుకునే, తీసేసే వీలు వచ్చింది. ఎక్స్‌సీఎఫ్‌లో దాచితే ఆ ఫిల్టర్లు అలాగే ఉంటాయి. మంచిదే. కాని కుంచెతో తుడిచినదానికి అది వర్తించదు. ఆ జాగ్రత్త మాత్రం మీరే పడాలి.

మీరే చేసి చూడండి

ఒక పాత ఫొటోను స్కాన్ చేయండి, లేదా మంచి వెలుతురులో ఫోనుతో తీయండి. దాన్ని దిద్దే ముందు ఇంట్లో పెద్దవాళ్లకు చూపించి, అందులో ఏయే వస్తువులు ఉన్నాయో, ఎవరెవరు ఉన్నారో అడిగి రాసుకోండి. మరకలా కనిపించేది నిజంగా మరకేనా అని కూడా అడగండి. ఆ తరువాతే పనిముట్టు చేతిలోకి తీసుకోండి.