రెండు సీసాల పని

"ఖాళీగా ఉన్నప్పుడు చేస్తుంటారా?" అని అడుగుతారు, మా ఇంట్లో రెజిన్ వస్తువులు చూసినవాళ్ళు. అడిగేవాళ్ళలో ఆడవాళ్ళూ ఉంటారు. నిజానికి ఈ పనిలో ఖాళీ దొరికినప్పుడు చెయ్యగలిగేది ఏదీ లేదు. రెజిన్‌లో హార్డెనర్ కలిపిన క్షణం నుంచీ గడియారం నడుస్తుంది. నేను వాడే రకానికి అరగంట టైము. ఆ అరగంటలో కుక్కరు కూత వేసినా, అత్తగారు కాఫీ అడిగినా లేవడానికి లేదు. లేస్తే గిన్నెలో ఉన్నది రాయి అయిపోతుంది. మా ఇంట్లో నేను "ఇప్పుడు రాను" అని గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది ఈ పని వల్లే. ఆ మాట చెప్పడానికి పెళ్ళయ్యాక నాకు ఇరవై రెండేళ్ళు పట్టింది!

ఎపాక్సీ రెజిన్ అంటే ఏమిటో తెలియనివాళ్ళు ఆరాల్డైట్‌ను గుర్తు తెచ్చుకోండి. రెండు ట్యూబులు, రెండూ కలిపితేనే అతుకు. ఇదీ ఆ కుటుంబమే, కాకపోతే అద్దంలా కనిపించేలా చేసింది. 1930లలో స్విట్జర్లాండులో పియర్ కాస్టన్ అనే రసాయన శాస్త్రవేత్త కట్టుడు పళ్ళ కోసం ఇలాంటి పదార్థాన్ని తయారుచేశాడు. 1946లో సీబా కంపెనీ దాన్ని ఆరాల్డైట్ పేరుతో జిగురుగా బయటికి తెచ్చింది. విమానాలకీ, ఫ్యాక్టరీ నేలలకీ, కరెంటు పరికరాలకీ వాడే సరుకు ఇది. అదే సరుకు ఇప్పుడు రాజమండ్రిలో మా వంటింటి వెనక వరండాలోకి వచ్చింది. ఫ్యాక్టరీలో దీన్ని ముట్టుకునేవాళ్ళకి కనీసం రాతలోనైనా జాగ్రత్తలుంటాయి. వరండాలోకి వచ్చేసరికి దీని పేరు 'హాబీ' అయిపోయింది.

పెళ్ళి దండలు దాచిపెట్టడం నాకు ఎక్కువగా వచ్చే పని. పెళ్ళయిన మర్నాడే దండ నా చేతికి రావాలి. పువ్వులు విడదీసి సిలికా జెల్ పొడిలో పాతిపెట్టి వారం పది రోజులు ఉంచుతాను. పైకి ఎండినట్టు కనిపించే గులాబీ మొదట్లో ఇంకా తడి ఉంటుంది. ఆ తడితోటే రెజిన్‌లో పెడితే నెల తిరక్కుండా గోధుమరంగుకి తిరుగుతుంది. మల్లెపువ్వైతే ఎంత ఎండబెట్టినా తెల్లగా ఉండదు. ఇది ముందే చెప్తాను. చెప్పినా కొందరు అమ్మాయిలు నమ్మలేనట్టు చూస్తారు. కడియం నుంచి తాజా మల్లెలు తెచ్చి వాటిని పెట్టమన్న తల్లి కూడా ఉంది. అవీ అంతే కదమ్మా అన్నాను.

పది అంగుళాల చదరం, అంగుళం మందం ఉన్న పలకకి పదహారువందల మిల్లీలీటర్ల దాకా రెజిన్ పడుతుంది. మా సీసాల మీద రెండుకి ఒకటి పాలు అని ఉంటుంది, అదీ తూకంలో. కంటి కొలత, గరిటె కొలత పనికిరావు. తరాలుగా 'చేతి కొలత' మీద వంట చేసినవాళ్ళం, ఇక్కడ గ్రాముల కాటా ముందు కూర్చోవాలి. పాలు తప్పితే ఎన్ని రోజులున్నా జిగురు జిగురుగానే ఉంటుంది. అయిదు నిమిషాలు నెమ్మదిగా, గిన్నె అంచులు గీకుతూ కలపాలి. గబగబా కలిపితే బుడగలు. అంతా ఒకేసారి పోస్తే లోపల వేడి పుట్టి పొగలొస్తుంది, పలక పగులుతుంది. అందుకని మూడు విడతలుగా పోస్తాను. వానాకాలం గోదావరి గాలిలో తేమకి పైన మైనంలాంటి పొర కడుతుంది. దాన్ని సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టి, గరుకు కాగితంతో రుద్ది, మళ్ళీ పోయాలి. మొత్తం ఒక దండకి మూడు వారాలు.

ఇంత చేసి ధర చెప్తే, "ఇంట్లో కూర్చుని చేసేదే కదండీ" అంటారు. రెజిన్, పొడి, చట్రం, గ్లౌజులు, వాటి ఖర్చు ఒప్పుకుంటారు. నా గంటల దగ్గరికి వచ్చేసరికే బేరం. ఇది కొత్తేమీ కాదు. మాకు దిగువన నర్సాపురంలో క్రోషియా లేసు అల్లే ఆడవాళ్ళ మీద మరియా మీస్ రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ప్రపంచ మార్కెట్టుకి సరుకు తయారుచేస్తున్నవాళ్ళని ఇల్లాళ్ళుగా, వాళ్ళ శ్రమని తీరిక వేళల పనిగా లెక్కగట్టడం వల్ల ఆ వ్యాపారం ఎలా నిలబడిందో ఆవిడ చూపించింది. సూది పోయి సీసాలొచ్చాయి గానీ ఆ 'తీరిక' అన్న మాట మాత్రం పోలేదు.

అన్నీ దండలే రావు. బొడ్డుతాడు ముక్కలు, పిల్లల మొదటి జుట్టు, తలంబ్రాల బియ్యం కూడా వస్తాయి. నిరుడు ఒకావిడ చేతిరుమాల్లో గాజుపెంకులు తెచ్చింది. తండ్రి పోయిన పదో రోజున తల్లి చేతులకి పగలగొట్టిన గాజులట. రేవులో ఎవరూ చూడకుండా ఏరుకుందట. "అందంగా అమర్చకండి. ఎలా ఉన్నాయో అలా పడెయ్యండి" అంది. గాజుకి ఎండబెట్టే పని లేదు. రుమాలు దులిపి ఎలా పడ్డవి అలాగే పోశాను. ఎక్కడ పెడతారని అడిగితే, "హాల్లో, మా అన్నయ్యలకి కనబడేట్టు" అంది. గట్టిపడ్డ ఎపాక్సీని మళ్ళీ కరిగించడం కుదరదు. ఆ సంగతి ఆవిడ రెండుసార్లు అడిగి తెలుసుకుంది.

గట్టిపడ్డాక ఇది పెద్దగా ఏమీ చెయ్యదు. ప్రమాదమంతా ద్రవంగా ఉన్నప్పుడే. మా వీధి చివర ఉండే స్నేహితురాలు ఒకరోజు క్లాసుకి వెళ్ళి ఈ పని నేర్చుకుంది. అక్కడ పల్చటి ప్లాస్టిక్ తొడుగులు ఇచ్చారట, హోటల్లో స్వీటు తీసి పెట్టేవాళ్ళు వేసుకునేలాంటివి. "నాన్ టాక్సిక్ మేడం" అన్నారట. ఏడాదిన్నర బాగానే చేసింది. తర్వాత వేళ్ళ మధ్య నీటిపొక్కులు, దురద. ఆ పైన కనురెప్పలు వాచిపోయాయి. ఆసుపత్రికి వెళ్తే కౌంటరు దగ్గర కాగితంలో వృత్తి అన్నచోట, ఆమెని అడక్కుండానే, 'గృహిణి' అని రాసేశారు. లోపల డాక్టరు ఆ కాగితం చూసి గిన్నెల సబ్బు మార్చమన్నాడు. నాలుగు నెలలు సబ్బులు మార్చింది, పూతమందులు రాసింది, ఆ చేతుల్తోనే రెజిన్ కలుపుతూనే ఉంది. "నువ్వేం పని చేస్తావమ్మా" అన్న ఒక్క ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. చివరికి విశాఖలో ఒక చర్మవైద్యురాలు అడిగింది. వీపు మీద వరసగా పట్టీలు అంటించి రెండు రోజుల తర్వాత తీసి చూస్తే, ఎపాక్సీ ఉన్నచోట ఎర్రగా పొంగింది.

ఈ అలర్జీ ఒకసారి ఒంటికి పట్టిందంటే మామూలుగా జీవితాంతం ఉంటుందట. ఆ తర్వాత చుక్క తగిలినా చాలు. ఆస్పత్రుల్లో వాడే రబ్బరు గ్లౌజుల్లోంచి కూడా ఇది లోపలికి దిగుతుంది. నైట్రైల్ గ్లౌజులు కొంత నయం, అవీ రెజిన్ అంటగానే మార్చుకోవాలి. గాలి ఆడే గది కావాలి, రుద్దేటప్పుడు ముక్కుకి మాస్కు కావాలి. చేతికంటిన రెజిన్‌ని థిన్నర్‌తోనో నెయిల్ పాలిష్ రిమూవర్‌తోనో తుడిస్తే చర్మంలోకి ఇంకా తేలిగ్గా వెళ్తుంది. సబ్బుతోనే కడగాలి. ఇవన్నీ కంపెనీలు ఇచ్చే భద్రతా పత్రాల్లో ఉంటాయి, ఇంగ్లీషులో, చీమతలకాయంత అక్షరాల్లో.

"పోన్లే, టైంపాస్ పనేగా, మానెయ్" అన్నాడు ఆమె మరిది. ఆ టైంపాస్ డబ్బుతోటే రెండేళ్ళుగా ఇద్దరు పిల్లల స్కూలు ఫీజు కట్టిందన్న సంగతి ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు. ఇంటి దగ్గర పనిచేసేవాళ్ళనీ కార్మికులుగా చూడాలని చెప్పే అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒడంబడిక, 177వది, 1996లో వచ్చింది. మన దేశం దాన్ని ఇంకా ధ్రువీకరించలేదు. ఇంట్లోవాళ్ళే ఒప్పుకోనిది ఢిల్లీ ఎందుకు ఒప్పుకుంటుంది అనిపిస్తుంది ఒక్కోసారి.

ఇప్పుడు మేం నలుగురం కలిసి ఒక గది అద్దెకి తీసుకున్నాం. గాలిని బయటికి లాగే ఫ్యాను పెట్టించాం. ధరలో గది అద్దె, గ్లౌజులు, గంటకింత కూలి వేరువేరుగా రాసి చూపిస్తున్నాం. కొందరు వెనక్కి వెళ్ళిపోతున్నారు. ఆమె ఆ గదిలోకి రాదు. తన ఇంట్లో పువ్వులు ఎండబెడుతుంది, లెక్కలు రాస్తుంది. ఆ రెండింటికీ కూలి ఉంది. అయినా తను పోసిన పలకల గురించి మాట్లాడేటప్పుడు గొంతు మారిపోతుంది. "అక్కా, ఒక్క బుడగ ఉండేది కాదు నా చేతిలో" అంటుంది. నిజమే, నాకన్నా తనదే శుభ్రమైన చెయ్యి.

పోయిన నెల పరీక్షకి మళ్ళీ ఆ మొదటి ఆసుపత్రికే వెళ్ళింది, నేనూ తోడు వెళ్ళాను. వృత్తి మార్చి రాయమని కౌంటరు దగ్గర పట్టుబట్టింది. ఆ కుర్రాడు కంప్యూటర్లో కిందికీ పైకీ వెతికాడు. "మీరు చెప్పేది ఇందులో లేదు మేడం" అని, 'ఇతరములు' నొక్కాడు.