ఎడమకాలికి పనిలేని బండి

డాలస్‌కు దక్షిణాన, వాక్సహాచీ దగ్గర ఆరెకరాలు కొన్నప్పుడు నన్ను లాగింది ఆ మట్టే. నల్లరేగడి. వానొస్తే బూటుకు కిలో బంక, ఎండొస్తే చెయ్యి పట్టేంత నెర్రెలు. అచ్చం మా పల్నాడే. ఈ ఎల్లిస్ కౌంటీ కూడా ఒకప్పుడు పత్తికి పేరుపడ్డదే. మట్టి మనదైనప్పుడు ట్రాక్టరు మాత్రం వేరేది ఎందుకని, ఊళ్లో నాన్న నడిపిన మాసీ ట్రాక్టరులా గేర్లదే కొనాలని తీర్మానించుకున్నాను.

షోరూములో పాతిక హార్స్‌పవర్ చిన్న ట్రాక్టరు రెండు రకాలుగా ఉంది. ఒకటి గేర్లది. రెండోది హైడ్రోస్టాటిక్, ఇక్కడ హైడ్రో అంటారు. దానికి పన్నెండు వందల డాలర్లు ఎక్కువ. హైడ్రోలో ఇంజను ఒక పంపును తిప్పుతుంది. ఆ పంపులో వాలే పళ్లెం ఒకటుంటుంది. కుడికాలితో పెడల్ నొక్కినకొద్దీ పళ్లెం వాలి, నూనె ఎక్కువ పారి, చక్రాల వైపున్న మోటారును తిప్పుతుంది. పళ్లెం అటు వాలితే బండి ముందుకు, ఇటు వాలితే వెనక్కి. కాలు తీస్తే ఆగుతుంది. లో, హై అనే రేంజులు మాత్రం చేత్తో మార్చుకోవాలి. నూనె మధ్యవర్తి గనక కమీషన్ తీసుకోకుండా ఊరుకోదు. ఇంజను అదే అయినా, వెనక పనిముట్లను తిప్పే పీటీవో దగ్గరకొచ్చేసరికి గేర్ల బండి కంటే ఒకటో రెండో హార్స్‌పవర్ తక్కువ.

కమీషన్ మాట వినగానే నాలో రైతు బిడ్డ లేచాడు. ఆ రాత్రే నాన్నకు వీడియో కాల్ చేశాను, "గేర్లదే కొను" అంటాడని.

"నీ సాలు పొడుగెంతరా?" అన్నాడు.

సాలెక్కడిది? కంకర జరపాలి, కంచె గుంజలు మోయాలి, గడ్డి కోయాలి.

"అంటే ముందుకు నాలుగు బారలు, వెనక్కి నాలుగు బారలు. దానికి గంటకు వందసార్లు క్లచ్చి తొక్కుతావా? నేను తొక్కింది సరదాకి కాదు."

పక్క పొలం ఆయన నలభై ఎకరాల ఎండుగడ్డి గేర్ల బండితోనే చేస్తాడు, ఆయనకు అదే సరి. నేను హైడ్రో తెచ్చుకున్నాను.

మొదటి రోజే కంకర గుట్ట దగ్గర పరువు పోయింది. బకెట్ గుచ్చుకుని బండి మొరాయించింది. కారు అలవాటు కదా, పెడల్ ఇంకా గట్టిగా తొక్కాను. ఇంజను మూలిగి ఆగిపోబోయింది. ఈ పెడల్ కారు యాక్సిలరేటర్ కాదు. దీన్ని తొక్కడమంటే పై గేరు వేయడం. బరువు తగిలినప్పుడు కాలు వదలాలి. వదిలితే నిదానంగా, బలంగా తోస్తుంది. తల వెంటనే ఒప్పుకుంది గానీ కాలికి వారం పట్టింది.

అసలు లాభం జాన్సన్ గడ్డి కోతలో తెలిసింది. జొన్న జాతిదే, తలెత్తు పెరుగుతుంది. దట్టమైన చోట బండి నెమ్మదించాలి, వెనక కత్తిని తిప్పే పీటీవో మాత్రం నిమిషానికి 540 చుట్లకు తగ్గకూడదు. ఒకే దశ క్లచ్చి ఉన్న గేర్ల బండిలో క్లచ్చి తొక్కితే చక్రాలతో పాటు కత్తీ నీరసపడుతుంది. ఇక్కడ చేత్తో థ్రాటిల్ ఒకచోట పెట్టేసి, కాలు కాస్త వదిలితే చాలు. నూనె, ఫిల్టరు మార్చే ఖర్చు చూసినప్పుడు మాత్రం గేర్లు గుర్తొస్తాయి.

కిందటి వేసవిలో నాన్న వచ్చాడు. బెండ వేద్దామని నాగలి తగిలించి, తనే ఎక్కాడు. కుడికాలు పది నిమిషాల్లో నేర్చుకుంది. ఎడమకాలు మాత్రం క్లచ్చి కోసమే తచ్చాడింది. రెండో సాలు తిరిగొచ్చి నన్ను కూర్చోబెట్టాడు. గట్టు దగ్గర మట్టి బిగువుగా ఉంది, బండి కీచుమంది. హైడ్రోలు అలాగే అరుస్తాయిలే అనుకుని పోనిస్తున్నాను. గట్టు మీద నుంచి కేకేశాడు.

"నూనె ఏడుస్తోందిరా, లోలో వెయ్యి!"