గరుడ

ఒక పరిశోధనాలయమున శాస్త్రజ్ఞుడు లెక్క తేలుటకై దినముల తరబడి కాచుకొని యుండును. అదే రాత్రి మరియొక నగరమున గొప్ప కంప్యూటరు పనిలేక నిదురించుచుండును. ఈ రెంటిని కలుపవలెనను తలంపే గ్రిడ్డు. ఇంట దీపము వెలిగించుకొనువారికి విద్యుత్తు ఏ కేంద్రమున పుట్టినదో తెలియనక్కరలేదు గదా! లెక్కగట్టు శక్తియు నట్లే అందవలెనని కోరిక.

1988లో స్థాపితమై, 1991లో ‘పరమ్ 8000’ అను సూపర్ కంప్యూటరును నిర్మించిన సీడాక్ సంస్థ భారతదేశమున ఈ పనికి పూనుకొనెను. దానికి ‘గరుడ’ యని పేరు. ఎల్లెడలకు రెక్క చాపు పక్షిరాజు పేరు తగినదే. 2008 నాటికి 17 నగరములందలి 45 సంస్థలు ముడివడెను. ఆ నగరములలో హైదరాబాదు ఒకటి.

తీగలు కలుపుట ఒక ఎత్తు, నమ్మకము కుదుర్చుట మరియొక ఎత్తు. ఎంతో ధనము వెచ్చించి కొన్న యంత్రమును ముఖమెరుగనివాని కెవరిత్తురు? అందుచే వచ్చినవాడు ఫలానా వాడని పూచీపడు ధ్రువపత్రముల నేర్పరచిరి. వాడు చేయదగిన పని యెంతయో యంత్రము గల సంస్థయే నిర్ణయించుకొనును. ఇంటి తాళము లియ్యక వసారాలో చోటిచ్చినట్లు!

వరదల వేళ దీని విలువ తెలియును. మేఘములు కమ్మినను విమానములోని రాడారు మునిగిన నేలను చూడగలదు. కాని ఆ సమాచారము పటముగా మారుటకు అపారమైన లెక్క కావలెను. అహమ్మదాబాదులోని అంతరిక్ష అనువర్తన కేంద్రము ఇందుకై గరుడను వినియోగించి చూచెను. పడవలు ముందుగా ఏ యూరికి పోవలెనో తెలుపు పటము ఒక్క పూట ఆలస్యమైనను, మిద్దెలెక్కి కూర్చున్నవారికి అది యొక యుగము.